తలుపుముడి

సంచి అడుగున వర్ధనమ్మ ముందుగా చలువగుడ్డలు పరిచింది. ఒకసారి నీళ్ళలో ముంచి పిండితే పూటంతా ఒంటికి చల్లదనమిచ్చే నేత అది. వాటి మీద రెండు జతల బట్టలు, బట్టల మధ్య పాతచీర ముక్కలో చుట్టిన గోంగూర పచ్చడి సీసా, పక్కన నువ్వుండల డబ్బా. అంతా సర్దాక మళ్ళీ అంతా బయటికి తీసింది. సీసా మూత ఇంకోసారి బిగించి మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది.

“అమ్మా, నాకన్నా ముందు ఆ సంచి అలిసిపోయేట్టుంది,” అంది మందాకిని.

“మూత వదులైతే బట్టలన్నీ నూనే.”

“అంత బిగిస్తే నాకు పచ్చడి తినేదెట్టా? మూత తియ్యడానికి బాబాయిని కూడా సంచిలో పెట్టి పంపు.”

వర్ధనమ్మ నవ్వలేదు. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే ఆమెకు నవ్వు రాదు. భర్త వీరభద్రం నీళ్ళ రైలు మీద పనికి వెళ్ళిననాడు ఆమె వంటింట్లో ఉండిపోయింది. ఆయన అక్కడే వడదెబ్బకు పోయాడు. అప్పటినుంచి ఇంట్లో ఎవరు చెప్పులు వేసుకున్నా ఆమె చేతిలో పని వదిలి వచ్చి నిలబడుతుంది.

బయట ఎండకూత మోగి చాలాసేపయింది. ఆ కూత వినపడ్డాక గురజాల వీధుల్లో మనిషి నడవడు. పొద్దు వాలి రెండోసారి కూసేదాకా కదిలేవి చల్లని బళ్ళు మాత్రమే. ఒకప్పుడు ఎండలో నిలిపిన బండి తలుపు తీసి కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే సొమ్మసిల్లి పోయేవారు. అందుకే దూరమీట వచ్చింది. ఇంట్లో చల్లగా కూర్చుని గోడకున్న మీట నొక్కితే, నీడగదిలో నిలిపిన బండి దానంతటదే మేల్కొని తన లోపలి గాలిని చల్లబరుచుకుంటుంది. నీడగదికి ఒకవైపు ఇంటి గుమ్మం, ఇంకోవైపు వీధిలోకి తెరుచుకునే ఇనుప షట్టరు. బండి చల్లబడ్డాక మనిషి వెళ్ళి కూర్చుంటాడు, షట్టరు లేస్తుంది, బండి సాగిపోతుంది. దూరమీట లేని బండి పగటిపూట రోడ్డెక్కకూడదని చట్టం. ఆ ఎండలకు బళ్ళ బ్యాటరీలు ఉబ్బి పేలిపోవడంతో చెరకు సారాతో నడిచే ఇంజన్లు మళ్ళీ వచ్చాయి.

దూరమీటలు బిగించడమే వర్ధనమ్మ పని. ఊళ్ళో ఎందరి బళ్ళకో బిగించిన ఆమె తన ఇంటి జీపుకు మాత్రం ఇప్పటిదాకా బిగించలేదు. వీరభద్రం పోయాక దాన్ని తీసినవాళ్ళు లేరు. ఇప్పుడు తియ్యక తప్పదు. నిజాంపట్నంలో సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారంలో మందాకినికి మూడు నెలల పని దొరికింది. ఈరోజు చీకటి పడేలోపు చేరకపోతే ఆ పని వరుసలో తర్వాతివాళ్ళకు పోతుంది.

వర్ధనమ్మ సంచి ముడివేసి, పనిముట్ల పెట్టె తీసుకుని నీడగదిలోకి నడిచింది.

అక్కడ ఆమె అత్త నాగరత్నమ్మ అప్పటికే పీట వేసుకుని కూర్చుంది. పళ్ళెంలో కుంకుమ, కర్పూరం, చిన్న గిన్నెలో పెరుగూ పంచదారా సిద్ధం చేసుకుంది. మరిది బసవలింగం గోడకానుకుని నువ్వుండ తింటున్నాడు. అతనిదీ దూరమీటల పనే.

“వదినా, సాయం చెయ్యమంటావా, చూడమంటావా?”

“ముందు తినడం ఆపి బ్యాటరీ తీగ ఊడదియ్యి.”

“అది మర్చిపోతానా? నన్ను మరీ ఇప్పుడే పుట్టినట్టు చూస్తావేంది!”

బ్యాటరీ తీగ తీశాక ఆమె కాసేపు ఊరికే నిలబడింది. తీగల్లో మిగిలిన కరెంటు చల్లారాలి. తర్వాత స్టీరింగు కింది మూత విప్పి లోపలికి తల దూర్చింది. పసుపు తొడుగున్న తీగల్ని గుడ్డతో పక్కకు కట్టేసింది. ఢీకొన్నప్పుడు ఉబ్బే గాలిసంచులకు పోయే తీగలవి, పొరపాటున కెలికితే సంచి మొహం మీదే పేలుతుంది. మిగతా తీగల్ని ఒక్కొక్కటే పరీక్షదీపంతో ముట్టుకుని చూసి, అదేనని రూఢి చేసుకున్నాకే కలిపింది. గేరు కింద ఒక చిన్న మీట అమర్చింది. ఊళ్ళో అందరూ బండిని గేరులో వదిలి దిగుతారు. అలాంటి బండిని దూరం నుంచి మేల్కొలిపితే గోడలోకి దూకుతుంది. గేరు తప్పించి ఉంటేనే ఇంజను లేవాలి. బానెట్టు మూత కింద ఇంకో మీట. మూత తెరిచి ఉండగా, లోపల ఎవరి చెయ్యో ఉండగా, ఫ్యాను తిరగకూడదు.

“అయిపోయినట్టేగా?” అంది నాగరత్నమ్మ.

“ఇంకొకటుంది అత్తయ్యా.”

“ఆ దిక్కుమాలిన ముడేగా!” అన్నాడు బసవలింగం. “ఆ ముడి పుణ్యమా అని నీ బేరాలన్నీ నాకొస్తన్నయ్ వదినా. చల్లగా ఉండు.”

అతను ఎగతాళి చేస్తున్నది తలుపుముడిని. అది కంపెనీ పెట్టెలో రాదు. వర్ధనమ్మ సొంతంగా తయారుచేసుకున్నది. షట్టరు పూర్తిగా పైకి లేస్తే తప్ప ఇంజనుకు ప్రాణం రాకుండా షట్టరునూ దూరమీటనూ కలిపి కట్టేస్తుంది. దూరమీట తయారుచేసినవాళ్ళు మనిషి బయల్దేరడమంటే గుమ్మం దాటి బండెక్కడమే అనుకున్నారు. ఆ కాసేపట్లో వచ్చే పొగను లాగేయడానికి గోడలో చిన్న పంకా పెట్టారు. ఇంజను కొంతసేపు నడిచి దానంతటదే ఆగిపోయేట్టు కూడా చేశారు. కానీ పల్నాట్లో బయల్దేరడం అంత చిన్న పని కాదు. వెనకటి రోజుల్లో వీధి చివరిదాకా వెళ్ళి సాగనంపేవాళ్ళు. ఎండలు ముదిరాక ఆ సాగనంపడం నీడగదిలోకి వచ్చింది. కుర్చీలు వచ్చాయి. బొట్టు పెట్టడం, పెరుగు తినిపించడం, గుర్తొచ్చిన మాటలు మళ్ళీ చెప్పడం, అన్నీ మూసిన షట్టరు వెనక, నడుస్తున్న బండి పక్కనే. ఇంజను ఆగిపోతే ఎవరో ఒకరు మళ్ళీ మీట నొక్కుతారు. మాటలు అయ్యేదాకా నొక్కుతూనే ఉంటారు.

ఆ పొగలో వాసన లేనిదీ రంగు లేనిదీ ఒకటుంది. వర్ధనమ్మ దానికి మూగగాలి అని పేరు పెట్టింది. పిడుగురాళ్ళలో ఒకరింటికి మరమ్మతుకు వెళ్ళినప్పుడు, వాళ్ళు నీడగదిలో పెంచుకునే కోళ్ళు గంప కింద వరసగా పడున్నాయి. ముందురోజు కూతుర్ని అత్తారింటికి పంపారట.

“కొక్కెర తెగులుకి పోయిన కోళ్ళని చూసొచ్చి ఊరందర్నీ భయపెడతన్నావు నువ్వు,” అన్నాడు బసవలింగం.

“తెగులైతే గంప బయటున్న పుంజు కూడా పోవాలి. అది గోడెక్కి, ఆ పంకా పక్కన కూర్చుని బతికింది.”

“అయితే సాగనంపేటప్పుడు అందరం గోడెక్కుదాం.”

మందాకిని పకపకా నవ్వింది. నాగరత్నమ్మ కూడా నవ్వాపుకోలేకపోయింది. వర్ధనమ్మ మాత్రం స్క్రూ బిగిస్తూనే ఉంది. ఎవరు నవ్వినా ఆ రోజు ఆమెది ఒకటే పట్టుదల. తన ఇంట్లోంచి కదిలే బండి ఎవరి ఊపిరీ తీసుకుపోకూడదు.

ముడి బిగించాక బ్యాటరీ తీగ తగిలించి, అందర్నీ ఇంట్లోకి పంపి పరీక్ష మొదలుపెట్టింది. బండిని కావాలని గేరులో ఉంచి మీట నొక్కింది. ఇంజను లేవలేదు. బానెట్టు తెరిచి నొక్కింది. లేవలేదు. షట్టరు మూసి నొక్కింది. అప్పుడూ లేవలేదు. ఇక షట్టరు పూర్తిగా ఎత్తి నొక్కాలి. షట్టరు మీట తిప్పింది. మోకాలెత్తు లేచి, కిర్రుమని ఆగిపోయింది. మళ్ళీ తిప్పినా అంతే. పోయిన వారం వచ్చిన దుమ్ముగాలికి షట్టరు జారే పక్క ఇనుప గాడి వంగిపోయింది.

బసవలింగం వంగి చూసి లేచాడు. “ఈ వంపు సాయంత్రం చల్లబడ్డాక గానీ తియ్యలేం వదినా. గాడి కాలిపోతంది. ఒక్క పని చేద్దాం. ముడికి అడ్డంగా ఒక తీగముక్క పెడతా. బండి చల్లబడుద్ది. మనం అందరం కలిసి ఆ షట్టరు ఎట్టాగో ఎత్తిపట్టుకుంటే పిల్ల పోద్ది. మళ్ళీ తీగ తీసేద్దాం.”

“వద్దు.”

“ఈ ఒక్కసారికే.”

“ప్రతి ఇంట్లోనూ ఈ ఒక్కసారికే అంటారు బసవా.”

“పిల్ల పని పోతే నువ్విస్తావా?” అంది నాగరత్నమ్మ.

“పని పోదు అత్తయ్యా. నేను పోనివ్వను.”

ఆమె చేతులకు చలువగుడ్డలు చుట్టుకుంది. జీపులోంచి జాకీ తీసి షట్టరు కింద పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. లేచినంత మేర ఇటుకలు పేర్చి, జాకీని ఆ ఇటుకల మీదికెక్కించి మళ్ళీ తిప్పింది. కింది సందులోంచి ఎండ పొయ్యిలోంచి వచ్చినట్టు వచ్చి కాళ్ళకు కొట్టింది. బసవలింగం కాసేపు చూశాడు. తర్వాత గొణుక్కుంటూనే గడ్డపార తెచ్చి గాడిలో దూర్చి అవతలికి నొక్కాడు. మందాకిని ఇటుకలందించింది. “ఊరికి పోవాల్సిన పిల్ల చేత తాపీపని చేయిస్తన్నారు,” అంటూ నాగరత్నమ్మ పళ్ళేన్ని కొంగుతో కప్పి ఇంట్లోకి వెళ్ళింది.

వంగిన గాడి టప్పున తన చోటికి వచ్చింది. షట్టరు పైదాకా లేచింది. వర్ధనమ్మ ఇంట్లోకి వచ్చి, రొప్పు తగ్గనివ్వకుండానే గోడమీట నొక్కింది. జీపు ఒక్కసారి దగ్గి లేచింది. షట్టరు తెరిచి ఉండటంతో చల్లబడటానికి చాలాసేపు పట్టింది. ఇంటికి వారానికొకసారి వచ్చే చల్లగాలి వాటాలో చాలా భాగం గుమ్మం సందుల్లోంచి అప్పుడే పోయింది. చివరికి గోడమీట పక్కన పచ్చదీపం వెలిగింది.

“పద తల్లీ.”

గుమ్మం తెరవగానే నీడగది కొలిమిలా ఉంది. అయినా నాగరత్నమ్మ పళ్ళెం పట్టుకుని ముందుకొచ్చింది. మనవరాలి నుదుట కుంకుమ పెట్టింది. చెమటకు అది కిందికి జారింది. కర్పూరం వెలిగించబోతుంటే వీధిలోంచి దుమ్ము కొట్టింది. నాగరత్నమ్మ ఒక్క తుమ్ము తుమ్మింది.

అందరూ ఆగిపోయారు.

“ఒంటి తుమ్ము,” అంది నాగరత్నమ్మ. “కూర్చోండి. మంచినీళ్ళు తాగి కాసేపాగి పోదువుగాని. పిల్లకి పీట వెయ్యి బసవా.”

“రెండోది కూడా తుమ్మరాదా అమ్మా, పీడ వదిలిపోద్ది. దారప్పోగు ఇవ్వనా, ముక్కులో పెట్టుకుందువు?”

“నీ వెటకారం తగలెయ్య! పీట వెయ్యరా.”

“ఇక్కడ కూర్చోకూడదు అత్తయ్యా,” అంది వర్ధనమ్మ. “లోపలికన్నా రండి, లేదా దాన్ని పోనివ్వండి. ఈ వేడికి మీరు పడిపోతారు.”

“గడప దాటిన పిల్ల మళ్ళీ లోపలికొస్తుందా? ఏ ఊళ్ళో పుట్టావే నువ్వు?”

మందాకిని అమ్మ మొహం, నాయనమ్మ మొహం మార్చి మార్చి చూసింది. వర్ధనమ్మ కూతురి భుజం పట్టి బండిలోకి తోసినంత పని చేసింది. సంచి పక్కసీట్లో పెట్టింది. “నాయనమ్మా, నేను వెళ్ళొ…” అంటుండగానే తలుపు మూసేసింది. జీపు వీధిలోకి దిగి తెల్లని ఎండలో కలిసిపోయింది. అద్దం వెనక పిల్ల చెయ్యి ఊపిందో లేదో ఎవరికీ కనపడలేదు.

నాగరత్నమ్మ వెలిగించని కర్పూరంతో అక్కడే నిలబడిపోయింది.

“కుక్కను తోలినట్టు తోలావు,” అంది చివరికి. “నా కొడుకు పోయేటప్పుడు వంటింట్లోంచి బయటికి రాలేదు. నా మనవరాల్ని నోటమాట అననీకుండా పంపావు. నీ చేతిలో సాగనంపించుకునే ఖర్మ నాకొద్దు.”

వర్ధనమ్మకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. షట్టరు దించి, జాకీ తుడిచి పెట్టెలో పెట్టింది.

సాయంత్రం ఎండకూత మోగాక నాగరత్నమ్మ తన గుడ్డసంచిలో రెండు చీరలు, రుద్రాక్షమాల, మందుల డబ్బా పెట్టుకుని చిన్న కొడుకింటికి బయల్దేరింది. అది రెండు వీధుల అవతల. వర్ధనమ్మ సంచి పట్టుకుంది.

“అత్తయ్యా, ఆ ఇంట్లో తలుపుముడి లేదు.”

“లేబట్టే ఆ ఇంట్లో మనుషులు మాట్లాడుకుంటారు.”

“మీరు కోపం మీదుండండి. కొట్టండి. కానీ బండి నడిచే చోట మాత్రం కూర్చోకండి. నాకు మాటివ్వండి.”

“సంచి వదులు.”

వర్ధనమ్మ వదిలింది. మరుసటి ఉదయం, ఎండకూతకు ముందే, ఒక తలుపుముడి పెట్టెలో పెట్టుకుని ఆమె బసవలింగం ఇంటికి నడిచి వెళ్ళింది. అతను అటక మీద చోటు చూసి పెట్టె అక్కడ పెట్టాడు.

“ఇప్పుడే పెడతాను బసవా. పనిముట్లు తెచ్చుకున్నా.”

“నా పనివాళ్ళు చూస్తే నవ్వుతారు వదినా. ఊరందరికీ వద్దని చెప్పి, నా ఇంట్లో నువ్వొచ్చి పెడితే నా బేరం ఉంటదా? వచ్చే ఆదివారం నేనే పెడతాలే.”

ఆమె ఆ ఆదివారం వెళ్ళింది. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళింది. పెట్టె అటక మీదే ఉంది. నాగరత్నమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు, కానీ కోడలికి మజ్జిగ పంపింది. మూడోసారి మజ్జిగలో అల్లం కూడా వేసి పంపింది. గ్లాసు ఖాళీ చేసి వర్ధనమ్మ, “అత్తయ్యా, ఇంటికి రండి,” అని లోపలికి వినపడేట్టు అంది.

“పిల్ల వచ్చినాక వస్తాలే,” అని లోపల్నుంచి వినపడింది.

మందాకిని రావడానికి ఇంకా వారాలుండగానే బసవలింగం కూతురు కుందన దసరాకు అత్తారింటికి ప్రయాణమైంది. బసవలింగం నీడగదిలో చాప పరిచాడు. షట్టరు మూసే ఉంది. గోడమీట నొక్కితే బండి చల్లబడసాగింది. నాగరత్నమ్మ ఈసారి అన్నీ తీరిగ్గా చేసింది. బొట్టు పెట్టింది, పెరుగు తినిపించింది, కర్పూరం వెలిగించింది. కుందన బండెక్కి తలుపు వేసుకుంది. షట్టరు లేవబోయే ముందు నాగరత్నమ్మ తుమ్మింది. ఒక్కటే.

“ఆగండి,” అంది. అందరూ ఆగారు. కుందన బండిలో ఉన్న షట్టరు మీట మీంచి చెయ్యి తీసి బండిలోనే కూర్చుంది. మిగతావాళ్ళు చాప మీద కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. ఇంజను ఆగిపోతే బసవలింగం మళ్ళీ నొక్కాడు. పాత ప్రయాణాల మాటలొచ్చాయి. మళ్ళీ ఆగింది, మళ్ళీ నొక్కాడు. అద్దం వెనక నుంచి కుందనకు నాయనమ్మ గోడకు తల ఆనించుకోవడం కనపడింది. తుమ్ము దోషం పోవాలని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోందనుకుంది. తర్వాత అమ్మ పక్కకు ఒరిగింది. నాన్న లేవబోయి కూలబడ్డాడు. అప్పుడు కుందన షట్టరు మీట తిప్పింది.

వీధిలో జనం ఎండను లెక్కచెయ్యకుండా పరుగెత్తుకొచ్చారు. బసవలింగం, అతని భార్య ఆసుపత్రిలో కోలుకున్నారు. కబురు అందిన వర్ధనమ్మ కూడా ఎండలోనే వచ్చింది. ఆమె కాళ్ళ బొబ్బలు తగ్గడానికి చాలా రోజులు పట్టింది.

బసవలింగం ఇంటికి తిరిగొచ్చిన రోజున అటక మీంచి పెట్టె దించి ఆమె ముందు పెట్టాడు. ఏడుపు ఆగాక, “బిగించు వదినా,” అన్నాడు.

“నువ్వే బిగించు,” అంది ఆమె. “ముడి లేకుండా నీ చేత్తో బిగించినవి ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయో నీకే తెలుసు. నేను పక్కనుంటాను.”

ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. వద్దన్నవాళ్ళింటికి మళ్ళీ వెళ్ళారు. అయితే వర్ధనమ్మ ఇప్పుడు ముడి ఒక్కటే పెట్టడం లేదు. నీడగదికి ఇవతల, ఇంటి గుమ్మం లోపలే, గోడకు ఒక బల్ల బిగిస్తుంది. ఎదురుగా గోడలో అద్దం కిటికీ పెట్టిస్తుంది. “చెప్పాల్సినవన్నీ ఇక్కడ కూర్చుని చెప్పుకోండి. ఎంతసేపైనా చెప్పుకోండి. తుమ్మితే ఇక్కడే కూర్చోండి. మాటలన్నీ అయ్యాకే మీట నొక్కండి,” అంటుంది. బల్లకు బేరమాడినవాళ్ళు లేరు. తన ఇంట్లో కూడా ఒక బల్ల బిగించింది. అది ముగ్గురు పట్టే బల్ల.

కార్తీకంలో మందాకిని తిరిగొచ్చింది. సంచి భుజాన వేసుకుని నేరుగా వచ్చి ఆ బల్ల మీద కూర్చుంది. పచ్చడి సీసా మూత చివరిదాకా రాలేదని, సుత్తితో పగలగొట్టి తిన్నామని చెప్పింది. చెప్తూ చెప్తూ, బయల్దేరిన రోజు నాయనమ్మతో అనబోయి సగంలో ఆగిపోయిన మాట గుర్తొచ్చి ఏడ్చింది. వర్ధనమ్మ ఆమె పక్కన కూర్చుని, ఆ మాట పూర్తయ్యేదాకా కదల్లేదు.

మందాకిని తిరిగి వచ్చింది. పండక్కని బండెక్కిన కుందనా తిరిగి ఇంట్లోకి వచ్చింది. ఊరు దాటని నాగరత్నమ్మ తిరిగి రాలేదు. మనవరాల్ని సాగనంపడానికి చిన్న కొడుకింటి నీడగదిలోకి వెళ్ళింది, మళ్ళీ గడప లోపలికి రాలేదు. అది ఆశ్వయుజ శుద్ధ పంచమి, గురువారం, మధ్యాహ్నం.